సదస్సు భోజనాలూ మా పిన్నీ

పోయిన నెల మా డిపార్ట్‌మెంటు వాళ్లు నా రిటైర్మెంటుకి భోజనాలు పెట్టాలని నిశ్చయించి, మెనూ నన్నే చెప్పమని ఒక కేటరింగ్ ఆయన్ని ఇంటికి పంపారు. ఆయన సోఫాలో కూర్చుని, ఫోన్‌లో రంగురంగుల బొమ్మలు జరుపుతూ, "తెలంగాణ ప్యాకేజీ ఉన్నది మేడం, ఆంధ్రా ప్యాకేజీ ఉన్నది. మిక్స్ చేయమంటే మిక్స్ చేస్తం. ఏది పెట్టమంటరు?" అని అడిగాడు. ప్రశ్నలో తప్పేమీ లేదు. చెప్పుల కొట్లో కాలి సైజు అడిగినంత మామూలుగా అడిగాడు. నాకు మాత్రం ఎక్కడో చురుక్కుమంది. రేపు చెప్తానని కాఫీ ఇచ్చి పంపేసి, వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. ఉద్యమం రోజుల్లో ఇదే ప్రశ్న పట్టుకుని నేను రెండు నెలలు నలిగాను. ఆ నలుగుడులో చేసిన ఒక పని ఇవాళ్టికీ నాకు మింగుడు పడలేదు.

మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, తెనాలి దగ్గరి పల్లె నుంచి పెళ్లి చేసుకుని తార్నాక వచ్చింది. బాబాయిది ఇక్కడ ఒక పరిశోధనశాలలో ఉద్యోగం. నేను పీజీలో చేరినప్పుడు హాస్టల్ గది దొరికేదాకా నాలుగు రోజులు ఉందామని వాళ్లింటికి వచ్చి, యూనివర్సిటీలోనే ఉద్యోగం సంపాదించి, పెళ్లయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. పెళ్లయ్యాక కూడా పక్క వీధి దాటి పోలేదు. బాబాయి పోయాక పిన్ని కొన్నాళ్లు ఏమీ తోచక తిరిగింది. ఎదురింటి ప్రొఫెసరు గారి భార్య ఒకనాడు ఇరవై మందిని భోజనానికి పిలుచుకుని, పొద్దున పది గంటలకు జ్వరంతో పడుకుంది. పిన్ని వెళ్లి వండిపెట్టింది. ఆ ఇరవై మందిలో నలుగురు మళ్లీ వచ్చారు, ఆ నలుగురు ఇంకో పదిమందికి చెప్పారు. బోర్డు లేదు, కార్డు లేదు. సీమంతాలు, గృహప్రవేశాలు, ఆ తర్వాత క్యాంపస్‌లో మీటింగులు, వైవాలు. పిహెచ్‌డీ వైవాకి బయటి ఊరి నుంచి వచ్చే పరీక్షకుడికి ముందు భోజనం పెడితే ప్రశ్నలు సగమవుతాయని పరిశోధక విద్యార్థుల్లో ఒక నమ్మకం ఉండేది. థీసిస్ బైండింగుకి ఇచ్చిన మర్నాడే వాళ్లు మా పిన్ని గుమ్మంలో ఉండేవాళ్లు.

ఎవరొచ్చినా ముందు ఎంతమంది అని అడిగేది కాదు. "తిన్నాక ఏం చేస్తారు?" అని అడిగేది. తిని పడుకునేవాళ్లయితే పప్పు, నెయ్యి, రెండు వేపుళ్లు, పాయసం. తిని మళ్లీ మీటింగులో కూర్చునేవాళ్లయితే పప్పు పలచన, వేపుడు ఒక్కటే, స్వీటు చిన్నది, మజ్జిగ ఎక్కువ. నిలబడి ప్లేటు పట్టుకుని తినేచోట గుత్తివంకాయ పెట్టేది కాదు. ఒక్క కాయ జారితే ఒక తెల్ల చొక్కా పోతుందనేది. సెలక్షన్ కమిటీలకి చేప వండేది కాదు. "ముల్లు వెతుక్కునేవాడు ఎదుటివాడు చెప్పేది వింటాడటే?" అనేది. ఇంటి విందులకి మాత్రం ఇవేవీ వర్తించవు. ఇంటికి పిలిస్తే ఒక పదార్థమైనా చేతికి అంటుకునేది ఉండాలని, చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడే మనుషులు అసలు మాటలు మాట్లాడుకుంటారని ఆవిడ సిద్ధాంతం. అది నిజమేనని నేను చాలా పెరళ్లలో గమనించాను.

ఆవిడకి కుడిభుజం లాలాపేట్ అక్క. ఆమెది జనగామ వైపు. బోర్లు ఎండిపోయి, పొలం పడావు పెట్టి, మొగుడూ పెళ్లాలు లాలాపేట్ వచ్చి ఒక గదిలో చేరారు. మొదట గిన్నెలు తోమడానికి వచ్చింది. రెండో నెలకి కూరలు తరిగింది. రెండేళ్లయ్యేసరికి, పిన్ని ఉప్పు చూడడం తప్ప మిగతా వంటంతా ఆమె చేతి మీదే నడిచేది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పిన్నిని పెద్దమ్మా అనేది, నన్ను చెల్లె అనేది. మాట తక్కువ. పిన్ని రోజంతా మాట్లాడుతుంది కాబట్టి ఇద్దరికీ సరిపోయేది. అలా పదకొండేళ్లు గడిచాయి.

ఇంతలో ఉద్యమం వేడెక్కింది. మా క్యాంపస్ దానికి నడిబొడ్డు. పొద్దున ఆఫీసుకి వెళ్తే సాయంత్రం ఏ దారిన ఇంటికొస్తామో తెలిసేది కాదు. టియర్ గ్యాస్ వాసన క్యాంపస్ పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్ దాకా పాకేది. మా ఆఫీసు గదిలో తడి చేతిగుడ్డలు ఫైళ్ల పక్కనే ఉండేవి. నేను అప్పటికి డిపార్ట్‌మెంటులో సూపరింటెండెంటుని. ఇరవై ఏళ్లుగా కలిసి టీ తాగిన మనుషులు నేను గదిలోకి రాగానే మాట మార్చడం మొదలుపెట్టారు. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. అలాంటి రోజుల్లో మా హెడ్డు సారు రెండు రోజుల సదస్సు ఒకటి తలపెట్టారు. విషయం తెలంగాణ పల్లెల్లో కరువు. నూట ఇరవై మందికి భోజనాల ఏర్పాటు నా నెత్తిన పడింది. ఎప్పటిలాగే పిన్నికి చెప్పి ఊరుకుందామనుకున్నాను. కానీ మెనూకి ఒక కమిటీ వేశారు.

ఆ కమిటీని తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల తిరుగుతుంది. హెడ్డు సారు, ఇద్దరు లెక్చరర్లు, విద్యార్థుల తరఫున ఒక పరిశోధక విద్యార్థి, రాసుకోవడానికి నేను. మొదటి సమావేశం గోంగూర దగ్గర ఆగిపోయింది. ఒక లెక్చరరు గోంగూర పప్పు అన్నారు. విద్యార్థి పుంటికూర పెట్టాలన్నాడు. ఇరవై నిమిషాలు వాదించుకున్నాక రెండూ ఒకటే ఆకని హెడ్డు సారు గుర్తు చేశారు. అయితే కార్డు మీద ఏ పేరు వేయాలని మరో అరగంట. రెండో సమావేశంలో బొబ్బట్లకీ భక్షాలకీ అదే గతి పట్టింది. మూడో సమావేశంలో సర్వపిండి కావాలన్నారు. అది నూట ఇరవై మందికి ఎన్ని పెనాల మీద ఎన్ని గంటలు కాల్చాలో ఒక్కరికీ పట్టలేదు. నేను నోరు తెరిస్తే, "మీరు రాసుకోండి మేడం" అనేవారు. రాసుకున్నాను. కొట్టేశాను. మళ్లీ రాసుకున్నాను. మనుషులు భోజనం దగ్గర ఎందుకు ఇంత పట్టుదలకి పోతున్నారో నాకు తెలియక కాదు. తెలుసు కాబట్టే విసుగు మరీ ఎక్కువయ్యేది. ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.

తేదీ ఖాయమైంది. బంద్ పిలుపు వచ్చింది. వాయిదా. మళ్లీ తేదీ, మళ్లీ బంద్. రెండుసార్లూ కబురు ముందురోజు సాయంత్రమే అందింది, అప్పటికి పిన్ని ఇంట్లో గంపల కొద్దీ వంకాయలు దిగి ఉన్నాయి. "బంద్ చేసుకోనీ, నేను కాదనను. వంకాయలు కొనకముందు చెప్పకూడదూ?" అని ఆవిడ గోల. ఆ వారాల్లో మా వీధి వీధంతా వంకాయ పచ్చడి, వంకాయ వేపుడు, వంకాయ బజ్జీ తిన్నది. రెండోసారి నేను గిన్నె పట్టుకుని వెళ్తే పక్కింటావిడ తలుపు తీయలేదు.

మూడో తేదీ ఖాయమయ్యాక ఆ పరిశోధక విద్యార్థి నా బల్ల దగ్గరికి వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి. లాఠీ దెబ్బకి ఎడమ చేతికి కట్టు ఉంది. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిన్నిగారి వంట మంచిగ లేదంటలేను మేడం. నా ఎంఫిల్ వైవాకు నేనే తెప్పిచ్చిన. గా ముచ్చట కాదు" అన్నాడు. "సదస్సు మా ఊర్ల కరువు మీద. దేశమంతట నుంచి వస్తున్నరు. గా రెండు దినాలన్న మా తిండి, మా వాళ్ల చేతి వంట పెట్టొద్దా? ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న పెట్టినమా?"

పెట్టలేదు. హెడ్డు సారు దగ్గరికి వెళ్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పిల్లలు అడిగేది తప్పు కాదు. మీ పిన్నిది కూడ తప్పు కాదు. మీరే జర సర్దుండ్రి మేడం" అన్నారు. ఆయన మంచివాడు. మంచివాళ్లంతా నాకే ఎందుకు సర్దమని చెప్తారో అర్థమయ్యేది కాదు.

సర్దే మార్గం ఒకటి కనిపించింది. ఆ సాయంత్రం లాలాపేట్ వెళ్లాను. అక్క గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. విషయం చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె బియ్యం ఏరడం ఆపలేదు.

"నూట ఇర్వై మందికి నేనొక్కదాన్నే వండాల్నా?"

"మనుషుల్ని పెట్టుకో. మెనూ నీదే. పేరు నీదే."

"పెద్దమ్మకు చెప్పినవా?"

"చెప్తాను."

"నువ్వు చెప్పినంకనే నేను ఒప్పుకుంట చెల్లె. ఆమెకు ఎరుక లేకుంట నేను పొయ్యి ముట్టియ్య."

నేరుగా పిన్ని ఇంటికి వెళ్లాను. నిజంగానే చెప్దామనే వెళ్లాను. పిన్ని మంచి హుషారుగా ఉంది. కమిటీ గొడవలన్నీ నేను చెప్పగా విన్నది కదా, వాళ్లు అడిగినవన్నీ తనే వండి మెప్పించాలని పంతం పట్టింది. పొయ్యి మీద ఏదో కాగుతోంది. "పచ్చి పులుసు. చూడు ఎలా ఉందో. పచ్చిది పచ్చిగా ఎలా పెడతామే అతిథులకి, అందుకని రెండు పొంగులు రానిచ్చాను" అంది. కాచిన పచ్చి పులుసు తాగి, బాగుంది పిన్నీ అని చెప్పి, ఇంటికొచ్చేశాను. పదకొండేళ్లుగా ఆవిడ పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్న మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే ఆ పులుసు కాగి ఉండేది కాదు. అది ఆవిడకి తట్టలేదు. నాకూ అప్పుడు తట్టలేదు, నిజం చెప్పాలంటే.

మర్నాడు ఆఫీసు నుంచి అక్కకి ఫోన్ చేసి, "చెప్పాను, సరే అంది" అన్నాను. ఫైలులో పిన్ని పేరు కొట్టేసి అక్క పేరు రాశాను. బంద్‌ల మూలంగా ఆ వారం పిన్నికి వేరే వంటలు లేవు, అక్కకి అటు వెళ్లే పని పడలేదు. ఇవాళ కాకపోతే రేపు చెప్తాలే అనుకున్నాను. ఎలాగూ మళ్లీ బంద్ వస్తుంది, మళ్లీ వాయిదా పడుతుంది అని కూడా లోపల ఎక్కడో ఆశ. ఆ రోజుల్లో ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే బంద్, నాకు కావలసినప్పుడు మాత్రం రాలేదు.

సదస్సుకి ముందురోజు మధ్యాహ్నం పిన్ని పిలిస్తే వెళ్లాను. వసారా నిండా కూరగాయల గంపలు. నేను చెప్పకుండానే తెప్పించేసింది. ఇక చెప్పక తప్పదని గొంతు సవరించుకుంటుండగా గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. అక్క దిగి లోపలికి వచ్చింది.

"పెద్దమ్మా, గంజులు తీస్కపోనీకి వచ్చిన" అంది.

"గుండిగలు ఎక్కడికే? వంట ఇక్కడే కదా" అంది పిన్ని.

అక్క గంపల వైపు చూసింది. ఆ తర్వాత నా వైపు చూసింది. "చెల్లె నీకు చెప్పిన అన్నదే."

నేను ఏదో అన్నాను. కమిటీ అన్నాను, హెడ్డు సారు అన్నాను, పరిస్థితులు అన్నాను. ఫైలులో రాసుకోవడానికి తప్ప పనికిరాని మాటలు. పిన్ని కోపం అక్క మీదికి తిప్పింది.

"నా చేతి కింద నేర్చుకున్నదానివి. నువ్వైనా ఒక మాట నన్ను అడగొద్దూ?"

"నేర్పినవ్ పెద్దమ్మా. కాదంటలేను" అంది అక్క. గొంతు పెంచలేదు. "నీ ముక్కల పులుసు నీకంటె మంచిగ పెడ్త. పదకొండేండ్లయింది. మా ఇంట్ల ఏం వండుకుంటమో నువ్వు ఒక్కనాడన్న అడిగినవా?"

"నువ్వెప్పుడైనా చెప్పావా?"

"అడగంది ఎట్ల చెప్త?"

పిన్ని లేచి, కొంగు బిగించి, వెనక గదిలోకి వెళ్లి గుండిగలు ఒక్కొక్కటే బయటికి దొర్లించింది. "ఆ సొట్టది వద్దు, బగారా అడుగంటుతుంది. ఈ మందం అడుగుది తీసుకో. తిని మళ్లీ మీటింగులో కూర్చుంటారు, నూనె తగ్గించు" అంది. అక్క తలూపింది. కూరగాయల గంపలు కూడా ఆటోలో ఎక్కించింది పిన్ని. నేను సాయం పట్టబోతే, "నువ్వుండు" అంది.

సదస్సు జరిగింది. మెయిన్ గేటు దగ్గర ముళ్లకంచెలు ఉన్నాయని లాలాపేట్ నుంచి లోపలి దారులు పట్టి వచ్చాం. ఒకచోట పోలీసులు ఆపి ప్రతి గుండిగ మూతా ఎత్తి చూశారు. అందులో రాళ్లు లేవు, చారు ఉంది అని నేను చెప్తే, "చారు గాదు, పచ్చి పులుసు" అని అక్క సరిదిద్దింది. కానిస్టేబులు నవ్వు దాచుకుని పొమ్మన్నాడు. భోజనాల దగ్గర బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నా దగ్గరికి వచ్చి, రసం చల్లారిపోయింది, వేడి చేయించండి అన్నారు. అది చల్లగానే ఉండాలని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. కానీ తిన్నారు. బగారా అన్నం, పుంటికూర పప్పు, వంకాయ, మక్క గారెలు, అన్నీ ఖాళీ అయ్యాయి. వడ్డన దగ్గర నిలబడిన అక్క ముఖం పదకొండేళ్లలో నేను చూడని ముఖం. ఎవరో పెద్దాయన ఆమె దగ్గరికి వెళ్లి, "మా అమ్మ చేతి పులుసు గుర్తుకొచ్చింది బిడ్డా" అన్నాడు. అది న్యాయంగా ఆమెకి రావలసిన మాట. అది విని సంతోషించడానికి నాకు మనసు కుదరలేదు.

పరిశోధక విద్యార్థి ప్లేటు కట్టు చేతి మీద ఆనించుకుని నా దగ్గరికి వచ్చాడు. "పిన్నిగారు రాలేదా మేడం?" అన్నాడు.

రాలేదన్నాను.

"పిలిస్తే బాగుండె. వండొద్దన్నం గని తినొద్దన్లే" అన్నాడు, మనస్ఫూర్తిగానే.

నాకు ఆ ప్లేటు లాక్కుని విసిరేయాలనిపించింది. అతని మీద కాదు ఆ కోపం. అతను తనకి కావలసింది నా మొహం మీద అడిగాడు. అక్క తన షరతు నా మొహం మీద చెప్పింది. అంత గందరగోళంలో ఎవరికి వారు తమ మాట తాము చెప్పుకున్నారు. నోరు విప్పకుండా అందరి దగ్గరా మంచిగా ఉండాలని చూసింది నేనొక్కదాన్నే.

నేను భయపడ్డట్టు వాళ్లిద్దరూ విడిపోలేదు. సదస్సు అయిపోయిన మర్నాడే అక్క గుండిగలు తళతళలాడేలా తోమి తెచ్చి, వాటితో పాటు ఒక చెంబులో పచ్చి పులుసు తెచ్చింది. పిన్ని తాగి, "ఇదా" అందట. ఆ తర్వాత క్యాంపస్ వంటలు అక్క పేరు మీద నడిచాయి. పిన్ని మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పి, లాలాపేట్ వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చుని, అక్కని విసిగిస్తూ ఉండేది. నా సంగతే వేరు. నేను వెళ్తే ముందుగదిలో కూర్చోబెట్టి, కప్పూ సాసరులో కాఫీ, ప్లేటులో బిస్కెట్లు తెచ్చి బల్ల మీద పెట్టేది. పిల్లలు ఎలా చదువుతున్నారని అడిగేది. ఇరవై ఏళ్లు ఆ వంటింటి గట్టు మీద కూర్చుని తిన్నదాన్ని. తిట్టి ఉంటే తేలికయ్యేది.

అలా ఎనిమిది నెలలయ్యాక ఒకరోజు ఉండలేక ఆ మాట ఎత్తాను. భయపడ్డానని చెప్పాను, ఆఫీసులో ఎలా ఉండేదో చెప్పాను, తప్పయిపోయిందన్నాను. ఆవిడ అంతా విని, "ఆ పిల్ల నా గిన్నెలు నన్నడిగి తీసుకెళ్లింది. నువ్వు నా పేరు నన్నడక్కుండా తీసేశావు" అంది. తర్వాత, "నిజం చెప్తే నేను కాసేపు ఏడ్చేదాన్ని, అంతే కదే" అంది. ఆ మాట అని వంటింట్లోకి వెళ్లింది. వెంట వెళ్లొచ్చో కూడదో తెలియక కాసేపు అక్కడే కూర్చుని, నేనూ వంటింట్లోకి వెళ్లాను. వెనక్కి పొమ్మనలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ విద్యార్థి జిల్లాలో ఒక కాలేజీలో లెక్చరరయ్యాడు. మా సదస్సుల్లో పచ్చి పులుసు ఇప్పుడు ఎంత మామూలంటే, వేడి చేయించమని ఎవరూ అడగరు. అక్క కూతురు ఆ పని అందుకుంది. పిన్ని పోయి మూడేళ్లు. చివరి ఏళ్లలో నాతో బాగానే ఉంది, పిలిచేది, తిట్టేది కూడా. కానీ మా ఆఫీసు భోజనాల గురించి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఇంకొక్కసారి కూర్చుని ఆ విషయం పూర్తిగా మాట్లాడుకోవాలని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. ఆవిడ నిద్రలో ఉండేది, లేదా నాకు పనుండేది. వచ్చే వారం చూద్దాంలే అనుకునేదాన్ని. ఆ రోజుల్లో ఎన్ని బంద్‌లు జరిగినా మర్నాడు పొద్దున్నే దుకాణాలు తెరుచుకునేవి. మనం రేపు చెప్దామని ఆపుకున్న మాటలకి కాలం అలా రోజూ తలుపు తీసి పెట్టదు.